పసుపును నీళ్లలో నిలబెట్టాలంటే: జెయిన్ నానో కణాలు చేసేవాళ్లకు ఒక ల్యాబ్ టెక్నీషియన్ మాటలు

గ్లాసుడు నీళ్లలో చిటికెడు పసుపు వేసి కలిపి, కాసేపు వదిలేయండి. పసుపంతా అడుక్కి చేరి, పైన నీళ్లు లేత రంగులో మిగులుతాయి. అదే చిటికెడు కాగిన నూనెలో పడితే క్షణంలో నూనె మొత్తం రంగెక్కుతుంది. మా అమ్మకు అది తాలింపు. మా ల్యాబ్‌లో దానికి సాల్యుబిలిటీ ప్రాబ్లం అని పేరు. దాని మీద ఏటా కనీసం ఇద్దరు ఎం.ఫార్మసీ పిల్లలు ప్రాజెక్టు పెట్టుకుని నా దగ్గరికి వస్తారు.

నేను గుంటూరు దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో ఫార్మాస్యూటిక్స్ ల్యాబ్ టెక్నీషియన్ని. పదిహేడేళ్లుగా ఇదే పని. మా తాతగారిది దుగ్గిరాల వైపు. పసుపు వండే రోజుల్లో కొప్పెర మీంచి లేచే ఆవిరి బట్టలకు పట్టేసి, రెండు ఉతుకులకు గానీ వదిలేది కాదు. ఆ కొమ్ములకు రంగునిచ్చే కర్క్యుమిన్‌ని నీళ్లలో నిలబెట్టే పనిలో నా ఉద్యోగం సగం గడిచిపోతుందని అప్పుడు ఎవరనుకున్నారు?

ఇక్కడ రాసేది ఒక్క పద్ధతి. మొక్కజొన్నలోని జెయిన్ అనే ప్రోటీన్‌తో నానో కణాలు చేసి, వాటిలో కర్క్యుమిన్ పెట్టి, పైన గమ్ అకేషియా, అంటే తుమ్మ జిగురు పూత వేయడం. చేయడానికి ఒక పూట చాలు. లోపల నిజంగా ఎంత మందు ఉందో తేల్చడానికి మాత్రం వారాలు పడుతుంది. పిల్లలు ఈ రెండిటికీ కేటాయించే టైం సరిగ్గా తిరగబడి ఉంటుంది, అందుకే ఇది రాస్తున్నాను.

జెయిన్ ఎందుకు

కర్క్యుమిన్‌ని 1815లోనే వోగెల్, పెల్టియే పసుపులోంచి వేరు చేశారు. దాని నిర్మాణం 1910లో తేలింది. ఇన్నేళ్లయినా దాని గుణం మారలేదు. నీళ్లలో ఒక మిల్లీలీటరుకు ఒక మైక్రోగ్రాము కూడా కరగదు. ఆల్కహాల్లో మాత్రం హాయిగా కరుగుతుంది.

జెయిన్‌ది ఇంకో తరహా. ఉత్త నీళ్లలో కరగదు, ఉత్త ఆల్కహాల్లోనూ సరిగా కరగదు. రెండూ కలిపి, ఆల్కహాల్ 60 నుంచి 90 శాతం మధ్య ఉంటే కరుగుతుంది. అలా కరిగిన ద్రావణాన్ని ఒక్కసారిగా ఎక్కువ నీళ్లలోకి తోస్తే ఆల్కహాల్ పలచబడిపోతుంది, జెయిన్‌కి నిలబడే చోటుండదు. తనలో తాను ముడుచుకుని చిన్న చిన్న ఉండలవుతుంది. అదే ద్రావణంలో ఉన్న కర్క్యుమిన్‌కీ నీళ్లు పడవు కనుక అదీ ఆ ఉండల్లోకి దూరుతుంది. జరిగేదంతా ఇంతే. దీన్నే యాంటీసాల్వెంట్ ప్రెసిపిటేషన్ అంటారు.

చెరుకు పిప్పి నుంచి నానో సెల్యులోజ్ చేస్తామని కొందరు అడుగుతారు. మంచి సరుకే, కానీ దానికి 64 శాతం సల్ఫ్యూరిక్ ఆసిడ్‌ని వేడి మీద నడపాలి. ఫ్యూమ్ హుడ్ సరిగా లాగని ల్యాబ్‌లో ఆ పని నేను చేయనివ్వను. సోయా లెసిథిన్‌తో ఫైటోసోములనే ఇంకో రకం వాహనాలు చేయొచ్చు, అది వేరే కథ. ఇంకొందరు వేపాకు కషాయంలో సిల్వర్ నైట్రేట్ పోసి, రంగు మారగానే "సార్, ప్లాంట్ బేస్డ్ నానో" అంటారు. అక్కడ మొక్క చేసింది వెండిని రిడ్యూస్ చేయడం, అంటే ఉప్పులోని వెండిని లోహంగా మార్చడం. కణం వెండిదే, మొక్కది కాదు. మందును మోసే వాహనం కావాలంటే కణమే మొక్క సరుకుతో కట్టి ఉండాలి. సోడియం కేసినేట్‌తో పూత వేసిన పేపర్లు చాలా కనిపిస్తాయి, బాగా పనిచేస్తుంది కూడా. కాకపోతే అది పాల ప్రోటీన్. టైటిల్‌లో మొక్క అని రాసి లోపల పాలు పోయకండి.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఇండెంట్‌లో జెయిన్ స్పెల్లింగ్ చూసి రాయండి. ఒకసారి స్టోర్స్ వాళ్లు అది తప్పు పడిందనుకుని జింక్ పంపారు. ఆల్కహాల్ బీరువా తాళం ఎవరి దగ్గరుందో, రిజిస్టర్లో ఎవరు సంతకం పెట్టాలో ముందు రోజే కనుక్కోండి.

కర్క్యుమిన్ సీసా మీద 95 శాతం అని ఉంటే అదంతా కర్క్యుమిన్ అనుకోవద్దు. మామూలుగా దొరికే సరుకులో అసలు కర్క్యుమిన్ మూడొంతులకు కాస్త పైన ఉంటుంది. మిగతాది దాని చెల్లెళ్లు, డీమెథాక్సీ, బిస్‌డీమెథాక్సీ. యూవీలో, అంటే ద్రావణం ఎంత వెలుతురు పీల్చిందో కొలిచే యంత్రంలో, మూడూ దాదాపు ఒకే చోట కనిపిస్తాయి. అందుకే క్యాలిబ్రేషన్ (తెలిసిన మోతాదులతో వేసుకునే కొలత గీత) గీసిన లాటూ, కణాల్లో వాడిన లాటూ ఒకటే అయి ఉండాలి. సీసా మధ్యలో అయిపోయి కొత్తది తెరిస్తే గీత కూడా కొత్తగా గీయాల్సిందే.

ముందు రోజు సాయంత్రం 100 మిల్లీగ్రాముల గమ్ అకేషియాని 30 మిల్లీలీటర్ల నీళ్లలో నానబెట్టండి. పొద్దున ఫిల్టర్ చేసి, పలచటి హైడ్రోక్లోరిక్ ఆసిడ్ చుక్కలతో పీహెచ్ 4కి తెచ్చుకోండి. ఈ 4 అనే అంకె ఊరికే రాలేదు. జెయిన్ ఐసోఎలక్ట్రిక్ పాయింట్, అంటే దాని మీద ప్లస్, మైనస్ చార్జీలు సరిసమానమయ్యే పీహెచ్, 6.2 దగ్గర. అంతకంటే కింద దాని మీద ప్లస్ చార్జి ఉంటుంది. గమ్ అకేషియా మీద 4 దగ్గర మైనస్ ఉంటుంది. ప్లస్ మైనస్ కలిస్తేనే పూత అతుక్కుంటుంది. గమ్ లేకుండా, పీహెచ్ చూడకుండా, డిస్టిల్డ్ వాటర్ కదా అని చేస్తే కణాల చార్జి చాలక ఒకదాన్నొకటి పట్టుకుని గంటలో అటుకుల్లా నీళ్లలోంచి విడిపోతాయి. గమ్ పూత ఉంటే ఈ ఇబ్బంది చాలా తగ్గుతుంది.

గ్లాస్‌వేర్ గురించి ఒక మాట. పసుపు, సున్నం కలిపితే పారాణి అవుతుందని మన ఇళ్లలో చిన్నపిల్లలకూ తెలుసు. క్షారం తగిలితే కర్క్యుమిన్ ఎర్రబడుతుంది, ఎర్రబడి ఊరుకోదు, విరిగిపోవడం మొదలెడుతుంది. సబ్బు సరిగా పోని బేకర్లో పోసిన ద్రావణం అంచున నారింజ రంగు కనిపించిందంటే ఆ బేకర్ పక్కన పెట్టేయండి. నేనైతే కడిగిన బేకర్లను ఆఖర్న ఒకసారి పలచటి ఆసిడ్‌తో తొలిచి, నీళ్లతో కడిగి ఆరబెడతాను.

చేసే విధానం

80 మిల్లీలీటర్ల ఇథనాల్, 20 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి పెట్టుకోండి. అందులోంచి 10 మిల్లీలీటర్లు తీసుకుని 100 మిల్లీగ్రాముల జెయిన్ వేసి గంటసేపు మాగ్నెటిక్ స్టిర్రర్ మీద తిప్పండి. జెయిన్ పొడిని ఒక్కసారి కుమ్మరిస్తే బొంబాయి రవ్వ ఉండకట్టినట్టు కడుతుంది, ఆ ఉండ లోపలికి ఆల్కహాల్ పోదు. తిరుగుతుండగా కొంచెం కొంచెం చల్లాలి. తేరిన తర్వాత 10 మిల్లీగ్రాముల కర్క్యుమిన్ వేసి, బేకర్‌కి ఫాయిల్ చుట్టి ఇంకో అరగంట తిప్పండి. వెలుతురు కర్క్యుమిన్‌కి పడదు. మా ల్యాబ్‌లో కిటికీ పక్క బల్ల మీద ఈ పని చేయడానికి వీల్లేదు, అక్కడ మధ్యాహ్నం ఎండ పడుతుంది.

ఇప్పుడు అసలు ఘట్టం. గమ్ నీళ్ల బేకర్‌ని స్టిర్రర్ మీద పెట్టి, సుడి కనిపించేంత వేగంలో, సుమారు 1,000 ఆర్పీఎంలో తిప్పండి. పసుపు ద్రావణాన్ని 10 మిల్లీలీటర్ల సిరంజిలోకి తీసుకుని, సూది మొన నీళ్ల లోపల, తిరిగే ముక్కకు దగ్గరగా ఉండేలా పట్టుకుని, ఆగకుండా ఒక్క ఊపులో తోయండి.

పిల్లలు ఇక్కడ బ్యూరెట్ పెట్టి చుక్క చుక్క వదులుతారు, టైట్రేషన్ అలవాటు. చుక్కలు వేస్తూ పోతే మొదటి చుక్క ఉత్త నీళ్లను కలుస్తుంది, ఆఖరి చుక్క అప్పటికే ఆల్కహాల్ కలిసిన నీళ్లను కలుస్తుంది. ఒకే బేకర్లో పది రకాల సైజులు పుడతాయి. పైగా నెమ్మదిగా కలిస్తే అప్పటికే ఉన్న కణాల మీదే కొత్త జెయిన్ చేరి అవి బలుస్తాయి. వేగంగా కలిస్తే ఎక్కడికక్కడ వేలాది చిన్న కణాలు ఒకేసారి పుడతాయి.

సరిగా వస్తే ఎలా ఉంటుందో చెప్తాను. తోసిన క్షణంలో బేకర్ మొత్తం పసుపు వేసిన పాలలా అవుతుంది. బేకర్ని లైటుకి అడ్డంగా పట్టుకుంటే అంచుల్లో నీలి ఛాయ లీలగా మెరుస్తుంది. గోడకి అంటుకున్న బొట్టు జారిపోయాక మరక మిగలదు. సరిగా రాకపోతే స్టిర్రర్ ముక్కకి మైనంలా సాగే పచ్చటి బంక చుట్టుకుంటుంది. జెయిన్ మోతాదు ఎక్కువైనా, తిప్పడం చాలకపోయినా ఇదే జరుగుతుంది. ఆ బంకని గీకి మళ్లీ కరిగించి వాడదామనుకోవద్దు, ఆ బ్యాచ్‌ పారేయండి.

పోసిన 10 మిల్లీలీటర్లలో ఇథనాల్ 8, మొత్తం 40, అంటే ఇప్పుడు బేకర్లో ఆల్కహాల్ 20 శాతం. దీన్ని రోటరీ ఎవాపరేటర్లో 40 డిగ్రీల దగ్గర తీసేయండి. వాక్యూమ్ ఒక్కసారి పెంచితే గమ్ వల్ల నురగ పొంగి కండెన్సర్లోకి ఎక్కుతుంది. అది కడగాల్సింది నేనే కాబట్టి మెల్లగా పెంచండి. చివర్లో పీహెచ్ 4 నీళ్లతో 30 మిల్లీలీటర్లకు సరిచేయండి. అంతా లోపలే ఉంటే మిల్లీలీటరుకు 0.33 మిల్లీగ్రాముల కర్క్యుమిన్. నీళ్లలో దానంతటది కరిగే దానికంటే వందల రెట్లు. అయితే ఇది కరగలేదు, తేలుతోంది. థీసిస్‌లో ఆ రెండు మాటలూ కలిపేయకండి.

పక్కనే రెండు బ్యాచ్‌లు తప్పనిసరిగా చేయాలి. ఒకటి కర్క్యుమిన్ లేకుండా, రెండోది గమ్ లేకుండా. ఎందుకో చెప్తాను.

సైజు, చార్జి

డీఎల్ఎస్‌కి (కణాల సైజు కొలిచే యంత్రం) ఇచ్చే ముందు సాంపిల్ని పీహెచ్ 4 నీళ్లతోనే పలచన చేయాలి. మామూలు నీళ్లతో చేస్తే పీహెచ్ మారి, మీరు కొలిచేది మీ కణాలని కాదు, పలచన చేసినప్పుడు పుట్టిన గుంపులని. 100 నుంచి 250 నానోమీటర్ల మధ్య, పీడీఐ (సైజుల్లో తేడా ఎంతో చెప్పే అంకె) 0.25 లోపు వస్తే సంతోషించండి. గమ్ లేని బ్యాచ్‌ జీటా పొటెన్షియల్ (కణం పైనున్న చార్జికి కొలత) ప్లస్‌లో ఉండి, గమ్ ఉన్నది మైనస్‌లోకి తిరిగితే పూత పడినట్టు. ఆ గుర్తు తిరగడమే మీ సాక్ష్యం, అందుకే గమ్ లేని బ్యాచ్‌ కావాలి. సైజు రిపోర్టుకి ఒక్క రీడింగ్ చాలదు, మూడు బ్యాచ్‌లు చేసి మూడూ ఇవ్వండి. మూడోది పాడైతే అది కూడా రాయండి.

లోపల ఎంత ఉంది

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మొదటి నాలుగైదేళ్లు నేను పిల్లలకు చెప్పిన పద్ధతి ఇది. కణాల ద్రావణాన్ని 14,000 ఆర్పీఎంలో అరగంట తిప్పడం, పైన తేరిన నీళ్లలో ఎంత కర్క్యుమిన్ ఉందో యూవీలో చూడడం, మొత్తంలోంచి తీసేస్తే మిగిలింది కణాల్లో ఉన్నట్టు. ప్రతి బ్యాచ్‌కీ 97, 98 శాతం వచ్చేది. అందరం మురిసిపోయేవాళ్లం.

ఒక ఏడాది వైవాకి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఒక ఆడపిల్లని మెల్లగా అడిగారు.

"జెయిన్ ఏమీ లేకుండా, ఉత్త కర్క్యుమిన్ ఆల్కహాల్లో కరిగించి నీళ్లలో పోసి, ఇలాగే తిప్పితే పైన ఎంత మిగులుతుందమ్మా?"

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను డెసికేటర్ వైపు చూశాను.

మర్నాడు పొద్దున్నే చేసి చూశాను. ట్యూబ్ అడుగున పసుపు గింజంత ముద్ద, పైన తేటనీళ్లు. మా లెక్క ప్రకారం, అసలు కణాలే లేని చోట కూడా 99 శాతం లోపల ఉన్నట్టు! కర్క్యుమిన్ నీళ్లలో కరగదని తెలిసే కదా ఈ పనికి దిగాం. లోపలికి పోని కర్క్యుమిన్ నీళ్లలో ఎందుకుంటుంది, స్ఫటికాలై అదీ అడుక్కే పోతుంది. నీళ్లలో కరిగే మందులకు పనికొచ్చే లెక్కని కరగని దానికి వాడాం.

ఇప్పుడు మేం చేసేది వేరు. ద్రావణాన్ని 3,000 ఆర్పీఎంలో పది నిమిషాలే తిప్పుతాం. లోపలికి పోని పెద్ద స్ఫటికాలు దిగిపోతాయి, నానో కణాలు పైనే తేలుతుంటాయి. అడుగున ముద్ద ఉందేమో కంటితో చూసి, దాన్ని విడిగా ఇథనాల్లో కరిగించి కొలుస్తాం. ఒక బొట్టు స్లైడ్ మీద వేసి మైక్రోస్కోప్ కింద పోలరైజర్లు అడ్డంగా పెట్టి చూస్తాం. స్ఫటికాలుంటే చీకట్లో సూదుల్లా మెరుస్తాయి. తర్వాత పైన తేలే ద్రావణం 0.1 మిల్లీలీటరు తీసుకుని, 80 శాతం ఇథనాల్‌తో 10 మిల్లీలీటర్లు చేస్తే జెయిన్, కర్క్యుమిన్ రెండూ కరుగుతాయి.

గమ్ మాత్రం కరగదు. ఆల్కహాల్లో గమ్ అకేషియా విడిపోయి మసకగా తేలుతుంది. ఆ మసకతోనే యూవీలో పెడితే రీడింగ్ పెరుగుతుంది, ఎఫిషియెన్సీ, అంటే వేసినదాంట్లో లోపలికి పోయిన వాటా, 104 శాతం వస్తుంది. నా ముందుకి ఆ అంకె రెండుసార్లు వచ్చింది. మసకని సెంట్రిఫ్యూజ్‌లో దించి, తేట పైభాగం మాత్రమే 427 నానోమీటర్ల దగ్గర చదవండి. అంతా లోపలే ఉంటే మిల్లీలీటరుకు 3.3 మైక్రోగ్రాములు, అబ్సార్బెన్స్ 0.5 చుట్టుపక్కల రావాలి. క్యాలిబ్రేషన్ 1 నుంచి 5 మైక్రోగ్రాముల దాకా గీస్తే చాలు.

యంత్రంలో సున్నాగా పోల్చుకునే బ్లాంక్‌గా ఉత్త ఆల్కహాల్ పెట్టొద్దు. జెయిన్ పొడిని చేతిలో వేసుకుని చూడండి, లేత పసుపు రంగు. మొక్కజొన్న గింజకు రంగునిచ్చే జాంథోఫిల్స్ దాంట్లో మిగిలి ఉంటాయి, అవి కూడా ఈ ప్రాంతంలోనే వెలుతురును పీలుస్తాయి. కర్క్యుమిన్ లేని బ్యాచ్‌ చేయమన్నది ఇందుకే. దాన్నే అంతే పలచన చేసి బ్లాంక్‌గా పెట్టాలి.

ఇలా చేస్తే 98 రాదు. ఎంతొస్తే అంతే రాయండి. గైడ్ గారు ముఖం చిట్లిస్తే నా దగ్గరికి పంపండి.

రిలీజ్, ఎండబెట్టడం

కణాల్లోంచి మందు ఎంత వేగంగా బయటికొస్తుందో చూడడానికి ద్రావణాన్ని డయాలిసిస్ సంచిలో పోసి, పీహెచ్ 7.4 బఫర్లో 24 గంటలు వేలాడదీసే పద్ధతి అందరూ చేస్తారు. రెండు చిక్కులున్నాయి. ఉత్త బఫర్లో కర్క్యుమిన్ కరగదు కాబట్టి బయటికి రాదు, దాన్ని కరిగించి పట్టుకునే ట్వీన్ 80 లాంటిది 0.5 శాతం కలపాలి. రెండోది ఇంకా పెద్దది. పీహెచ్ 7.2 బఫర్లో 37 డిగ్రీల దగ్గర విడి కర్క్యుమిన్ అరగంటలో 90 శాతం దాకా విరిగిపోతుందని 1997లోనే చూపించారు. బయటికొచ్చింది వచ్చినట్టే మాయమవుతుంటే మీ గ్రాఫ్ 40 శాతం దగ్గర చదునవుతుంది. దాన్ని "సస్టెయిన్డ్ రిలీజ్", అంటే మందు నెమ్మదిగా విడుదలవుతోంది, అని రాసేస్తారు. విడి కర్క్యుమిన్‌ని అదే సంచిలో, అదే బఫర్లో కంట్రోల్‌గా పెట్టండి. ఆఖర్న సంచిలో మిగిలింది కూడా కొలిచి మొత్తం లెక్క తేల్చండి. సంచిని ఇథనాల్లో నానబెట్టి చూడండి, పొర కూడా కొంత తాగుతుంది.

ఫ్రీజ్ డ్రయింగ్ (గడ్డకట్టించి ఎండబెట్టడం) మామూలే. మానిటాల్ గానీ ట్రెహలోజ్ గానీ కలపండి, పొడిని మళ్లీ నీళ్లలో కలిపి సైజు చూడండి. సైజు రెట్టింపు అయిందంటే ఎండే దారిలో అతుక్కున్నాయి.

ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రేలతో స్ఫటికాలను పట్టే పరీక్ష) కర్క్యుమిన్ పీకులు కనపడట్లేదు కాబట్టి స్ఫటికరూపం పోయి అమార్ఫస్ అయిపోయిందని రాసేముందు, జెయిన్, గమ్, కర్క్యుమిన్ ఊరికే పొడులుగా అదే పాళ్లలో కలిపి ఆ మిశ్రమాన్నీ పంపండి. కర్క్యుమిన్ వాటా 5 శాతం లోపే ఉంటుంది. మిశ్రమంలో కూడా పీకులు సరిగా కనపడకపోతే మీ రుజువు రుజువు కాదు.

ఆ 5 శాతం దగ్గరే ఇంకో లెక్క. 10 మిల్లీగ్రాముల కర్క్యుమిన్‌కి జెయిన్ 100, గమ్ 100. మానిటాల్ లెక్కలోకి తీసుకోకుండానే, 500 మిల్లీగ్రాముల కర్క్యుమిన్ ఇవ్వాలంటే పదిన్నర గ్రాముల పొడి. 500 మిల్లీగ్రాములు పట్టే క్యాప్సూల్స్ అయితే 21. డిస్కషన్‌లో ఈ లెక్క వేసిన థీసిస్ నా చేతిలోకి ఇంతవరకూ రాలేదు. కర్క్యుమిన్ వాటా పెంచితే స్ఫటికాలు ఎక్కడ మొదలవుతాయో చూడడమే అసలైన ప్రాజెక్టు అని నా అభిప్రాయం.

ఇంట్లో వాళ్లకి ఇవ్వొచ్చా?

ఏటా వచ్చే పిల్లల్లో ఒకరైనా అడుగుతారు, "సార్, అమ్మకి మోకాళ్ల నొప్పులు, కొంచెం తీసుకెళ్లనా?" వద్దు. ల్యాబ్ బేకర్లో చేసింది తిండి కాదు. ఇంకో సంగతి కూడా ఉంది. వంటలో పసుపు ఒంటికి పెద్దగా ఎక్కదు, అదే మనకు రక్షణ కూడా. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వాళ్లు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో మిరియాల్లో ఉండే పైపరిన్ 20 మిల్లీగ్రాములు ఇస్తే రక్తంలోకి చేరేది 20 రెట్లు పెరిగిందని చూపించారు. పసుపు పాలలో మిరియాల పొడి వేసే అలవాటుకు అప్పటి నుంచి అందరూ ఈ పేపరే చూపిస్తారు. అయితే 2019లో ఇటలీలో పసుపు సప్లిమెంట్లు వాడినవాళ్లలో కాలేయ వాపు కేసులు బయటపడ్డాయి. ఒంటికి ఎక్కేలా చేయడం మన పని అయినప్పుడు, ఎక్కితే ఏమవుతుందో చూడడం కూడా మన పనే. అది జంతువుల మీద, తర్వాత మనుషుల మీద, పద్ధతిగా, అనుమతులతో జరగాలి.

మిగిలిన ద్రావణాన్ని అంబర్ సీసాలో పోసి, ఫాయిల్ చుట్టి, 4 డిగ్రీల దగ్గర పెట్టండి. ఒకటో రోజు, ఏడో రోజు, నెల రోజు తీసి సైజు చూడండి, అడుగున పసుపు గీత పడిందేమో చూడండి. సీసా మీద పేరు, తేదీ, కర్క్యుమిన్ లాట్ నంబరు, పీహెచ్ రాయండి, మార్కర్‌తో కాదు, పెన్సిల్‌తో లేబుల్ మీద, ఆల్కహాల్ తగిలితే మార్కర్ చెరిగిపోతుంది. ప్రస్తుతం మా ఫ్రిజ్ రెండో అరలో పేర్లు చెరిగిపోయిన పసుపు సీసాలు పదకొండు ఉన్నాయి. మీవైతే శనివారం లోపు వచ్చి తీసుకెళ్లండి.